ఇంటి నుంచే ఆరోగ్య సమాచార విద్య – ఫీజు కట్టే ముందు నాలుగు మాటలు



ఈమధ్య మన అనకాపల్లిలో నలుగురు ఆడవాళ్ళు ఎక్కడ చేరినా ఒక ప్రశ్న వినబడుతోంది. "మా అమ్మాయి బి.ఎస్‌సి. ప్యాసయింది. పెళ్ళయి, పిల్లాడు పుట్టి, ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ఫోనులో పాఠాలు విని హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అని ఏదో పెద్ద డిగ్రీ చేస్తానంటోంది. ఫీజు లక్షల్లో ఉందిట. కట్టమంటారా, వద్దంటారా?"

పదో తరగతితో బడి మానినదానివి, పై చదువుల సంగతి నీకెందుకమ్మా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని బజారుకు వెళ్ళి బెల్లం కొనేటప్పుడు చిన్న ముక్క విరిచి రుచి చూసి మరీ కొనే ఊరు మనది. ఐదు కిలోల బెల్లానికే అంత జాగ్రత్త పడే మనం, లక్షల ఫీజు దగ్గర ఎందుకు మొగమాట పడాలి? అందుకే ఈ చదువేమిటో, దీని డిగ్రీ ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఈవేళ మీతో చెప్పుకుందామనుకున్నాను.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అంటే రోగుల సమాచారాన్ని పద్ధతిగా రాసి, భద్రంగా దాచి, అవసరమైన వేళ, అవసరమైన వారికి మాత్రమే అందేటట్టు చూసే విద్య. ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు ఉందనుకోండి. ఒక కోడలు కందిపప్పు ఎర్ర డబ్బాలో పోస్తుంది, ఇంకో కోడలు సీసాలో పోస్తుంది, అత్తగారు కుండలో దాస్తారు. ఎవరి చెయ్యి వారికి తెలుసు. కాని ఆ ముగ్గురూ లేనిరోజున వండవలసి వచ్చినావిడ గతేమిటి? అందుకని ప్రతి డబ్బా మీద చీటీ అంటించాలి, ఒకే వస్తువుకు అందరూ ఒకే పేరు రాయాలి. ఆస్పత్రిలో ఆ పని చేసేదే ఈ విద్య.

ఉదాహరణకు షుగరు జబ్బునే చూడండి. ఒకరు మధుమేహం అంటారు, ఒకరు చక్కెర వ్యాధి అంటారు, డాక్టరుగారు డయాబెటిస్ అని రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకిచ్చిన అంకెల పట్టిక ఐ.సి.డి.-10లో పెద్దవాళ్ళకు మామూలుగా వచ్చే రెండో రకం షుగరుకు ఇ11 అని ఒకటే గుర్తు. రక్తపోటుకు ఐ10. ఆ గుర్తు వేస్తే విశాఖపట్నం డాక్టరుకైనా, లండను డాక్టరుకైనా ఒకటే అర్థం. 2022 జనవరి నుంచి ఐ.సి.డి.-11 అనే కొత్త పట్టిక కూడా అమల్లోకి వచ్చింది. కేసు షీటు చదివి ఈ గుర్తులు సరిగ్గా వెయ్యడాన్ని మెడికల్ కోడింగ్ అంటారు. ఇది ఈ విద్యలో ఒక భాగం మాత్రమే. గణాంకాలు, కంప్యూటరులో సమాచారాన్ని అమర్చే పద్ధతి, ఆస్పత్రి సాఫ్ట్‌వేరు, రోగి గుట్టు కాపాడే చట్టాలు, ఇవన్నీ కలిస్తే పూర్తి చదువు.

ఈ పనికి దారి చూపినవారిలో ఒక స్త్రీ ఉన్నారన్న సంగతి మనం మరచిపోకూడదు. దీపం పట్టుకున్న నర్సుగా మనం బళ్ళో చదువుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ లెక్కల్లో కూడా గట్టి మనిషి. యుద్ధంలో సైనికులు గాయాల కంటె ఆస్పత్రి మురికి వల్ల వచ్చిన జబ్బులతోనే ఎక్కువగా పోతున్నారని 1858లో బొమ్మలు గీసి, లెక్కలు చూపి మరీ నిరూపించారు. అన్ని ఆస్పత్రులూ ఒకే రకం ఫారాల్లో లెక్కలు రాయాలని 1860లోనే వాదించారు. లెక్క సరిగ్గా రాస్తే ప్రాణాలు నిలుస్తాయన్నది ఆవిడ మాటల సారం.

మన రాష్ట్రానికి వద్దాం. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటినుంచి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల మీరు చూసే ఉంటారు. అక్కడ కార్డు చూసి వివరాలు కంప్యూటరులో ఎక్కిస్తేనే ఆపరేషనుకు అనుమతి వస్తుంది. 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించింది. ఆభా అని 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఇస్తున్నది ఆ పథకం కిందనే. మనం ఇప్పటిదాకా ప్లాస్టిక్ సంచీలో మడతపెట్టి బీరువాలో దాచుకునే రక్తపరీక్ష కాగితాలు, ఎక్స్-రేలు, మందుల చీటీలు ఇకముందు ఆ నంబరు మీద చేరతాయి. అంటే ఈ పని తెలిసిన మనుషులు కావాలి. కాబట్టి మీ అమ్మాయి ఎంచుకున్న విద్య మంచిదే. అందులో నాకు అనుమానం లేదు.

మరి అనుమానం ఎక్కడ? ఆ విద్యను ఇంట్లో కూర్చుని చదివితే వచ్చే డిగ్రీ దగ్గర.

ఇంటి నుంచి చదవడం మనకు కొత్తేమీ కాదు. మన పక్కనున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే పోస్టులో పాఠాలు పంపే విభాగం పెట్టింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. 1985లో ఇందిరాగాంధీ పేరున జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. పిల్లల్ని పడుకోబెట్టి, దీపం దగ్గర కూర్చుని బి.ఏ. ప్యాసయిన గృహిణులు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. అనుమతి ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీగాని, ఆన్‌లైన్ డిగ్రీగాని కాలేజీ డిగ్రీతో సమానమేనని యు.జి.సి. 2022లో మరోసారి స్పష్టంగా చెప్పింది కూడా.

అయితే అన్ని విద్యలకూ ఆ వీలు లేదు. ఇక్కడే మీరు చెవి ఒగ్గి వినాలి. 2021లో పార్లమెంటు ఆరోగ్య అనుబంధ వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆ చట్టం పట్టికలో పది తరగతుల వృత్తులున్నాయి. పదో తరగతి ఏమిటో తెలుసా? ఆరోగ్య సమాచార నిర్వహణ, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్. అంటే మనం చెప్పుకుంటున్నదే. ఆ చట్టం కిందికి వచ్చే చదువులను దూరవిద్యగా గాని, ఆన్‌లైనులో గాని ఏ విద్యాసంస్థా చెప్పకూడదని యు.జి.సి. 2025 ఆగస్టులో ప్రకటించింది. 2025 జూలై-ఆగస్టులో మొదలైన విద్యా సంవత్సరం నుంచే ఈ కట్టడి. రోగుల ప్రాణాలతో ముడిపడ్డ పనిని ఆస్పత్రి గడప తొక్కకుండా నేర్పితే నాణ్యత దెబ్బతింటుందన్నది దీని వెనక ఉన్న కారణం. ఆలోచిస్తే, గరిటె పట్టకుండా వంట వస్తుందా?

కాబట్టి మన దేశంలో ఎవరైనా ఫోను చేసి, "ఆన్‌లైనులో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పి.జి., ఈరోజే చేరితే తగ్గింపు" అంటే, వెంటనే సరేననకండి. ఈ సంవత్సరం ఈ కోర్సుకు యు.జి.సి. ఇచ్చిన అనుమతి పత్రం చూపించమనండి. యు.జి.సి. దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఏ విశ్వవిద్యాలయానికి ఏ కోర్సుకు అనుమతి ఉందో పట్టిక ఉంటుంది. విశ్వవిద్యాలయం పేరొక్కటే ఉంటే చాలదు, మీ కోర్సు పేరు కూడా ఉండాలి. ఆస్పత్రి నిర్వహణలో ఎం.బి.ఏ. అనీ, డేటా విద్య అనీ వేరే పేర్లతో వచ్చేవి వేరే చదువులు. పేరు దగ్గరగా ఉందని రెండూ ఒకటే అనుకోకూడదు.

ఇంకో మాట. దూరవిద్యను అద్దెకిచ్చినట్టు బయటి కంపెనీకి అప్పగించడానికి మన నిబంధనలు ఒప్పుకోవు. ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాకే పోవాలి, రసీదు దాని పేరునే రావాలి. "వడ్డీ లేని వాయిదాలు" అన్నారంటే అది చాలాసార్లు మీ పేరున తీసిన అప్పేనని గుర్తుంచుకోండి. చదువు మానినా వాయిదా మానదు. బ్యాంకు ఖాతా నుంచి డబ్బు దానంతటది పోయేటట్టు సంతకాలు పెట్టేముందు జాగ్రత్తపడమని కేంద్ర విద్యాశాఖ కూడా 2021 డిసెంబరులో హెచ్చరించింది.

"మా అమ్మాయి ఇక్కడుండి అమెరికా విశ్వవిద్యాలయం డిగ్రీ చేస్తుందిట" అనేవారున్నారు. అది అమెరికాలో గొప్పదే కావచ్చు. కాని ఇక్కడి చదువుల కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఆన్‌లైనులో ఇచ్చే డిగ్రీలకు గుర్తింపు లేదని యు.జి.సి. 2023 డిసెంబరులోనే చెప్పింది. ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగానికో, పిహెచ్.డి.కో అది పనికిరాదు. పైగా పూర్తిగా ఆన్‌లైను చదువుకు అమెరికా వాళ్ళు విద్యార్థి వీసా ఇవ్వరు. ఈ చదువు పేరుతో అక్కడికి వెళ్ళవచ్చునని ఎవరైనా చెబితే నమ్మకండి.

అల్లుడి ఉద్యోగం మీద అమెరికా వెళ్ళి, హెచ్-4 వీసా మీద ఇంట్లో ఉన్న మన పిల్లల సంగతి వేరు. వారు అక్కడ చదువుకోవచ్చు. ఆన్‌లైనులో ఈ విద్య చెప్పే మంచి విశ్వవిద్యాలయాలు అక్కడ ఉన్నాయి. ఈ కోర్సులను పరీక్షించి గుర్తింపునిచ్చే సంస్థ కాహిమ్. ఆ గుర్తింపు ఉందో లేదో చూసి చేరాలి. అయితే చదువుకోవడానికి అనుమతి ఉన్నంత మాత్రాన ఉద్యోగానికి ఉన్నట్టు కాదు. గ్రీన్ కార్డు దారిలో భర్త ఒక దశ దాటితేనే భార్యకు పని అనుమతి అడిగే వీలు 2015లో కల్పించారు. చదువు ముగిసేనాటికి ఆ దశ వస్తుందా అని దంపతులిద్దరూ ముందే లెక్క వేసుకోవాలి.

ఇక కాలం లెక్క. రెండేళ్ళ పి.జి.కి మామూలుగా 80 క్రెడిట్లుంటాయి. దూరవిద్యలో ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువని లెక్క. మొత్తం 2400 గంటలు. రెండేళ్ళలో సెలవు లేకుండా పంచితే రోజుకు మూడు గంటల పైచిలుకు. ఏ డిగ్రీ అయినా ఇంటి నుంచి చదవాలంటే ఈ మూడు గంటలు ఎక్కడినుంచి వస్తాయి? కోడలు తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే వస్తాయనుకోవడం న్యాయం కాదు. పొద్దుట పిల్లాడి స్నానం అత్తగారు చూస్తే, రాత్రి గిన్నెలు అబ్బాయి తోమితే అప్పుడు వస్తాయి. ఫీజు కట్టగలం గాని గంటలు ఇవ్వలేం అనే ఇంట్లో చదువు సాగదు.

మరైతే మీ అమ్మాయి ఏం చెయ్యాలి? మూడు దారులున్నాయి. నిజంగా ఈ విద్యలోనే స్థిరపడాలనుకుంటే కాలేజీకి వెళ్ళే చదువే మేలు. కర్ణాటకలో మణిపాల్ వంటి చోట దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. దూరమైనా డిగ్రీ నిలుస్తుంది. వెళ్ళలేనివారు మెడికల్ కోడింగ్ నేర్చి, ఎ.ఎ.పి.సి. అనే అమెరికా సంస్థ పెట్టే సి.పి.సి. పరీక్ష రాయవచ్చు. జీవశాస్త్రం చదివిన పిల్లలకు ఇది అందే పని. అయితే అది డిగ్రీ కాదు, పనికి పనికొచ్చే పరీక్ష. మూడోది, ముందు ఈ విద్య తనకు నచ్చుతుందో లేదో చూసుకోవడం. 2017లో ప్రభుత్వం పెట్టిన స్వయం అనే వేదికలో గణాంకాలు, కంప్యూటరు, ప్రజారోగ్యం పాఠాలు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష ఫీజు. నాలుగు నెలలు అది విన్న తరువాత పెద్ద ఫీజు సంగతి ఆలోచించవచ్చు.

ఈ విషయం చెప్పినప్పుడు కొందరు పెద్దవారు, "చూశావా, వద్దన్నాను కదా, ఇంట్లో కూర్చో" అంటారేమోనని నా భయం. అమ్మా, చెల్లని డిగ్రీ వద్దన్నాను గాని చదువు వద్దనలేదు. ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదికీ టీకాల తేదీలు, మామగారి బీపీ మాత్రలు, అత్తగారి షుగరు అంకెలు గుర్తుపెట్టుకుంటున్నది ఆ పిల్లే కదా. జీతం, పేరు లేకుండా ఆవిడ చేస్తున్నది ఈ పనే. దానికి సరైన చదువు తోడైతే ఇంటికీ, ఊరి ఆస్పత్రికీ కూడా మేలు.

ఈసారి ఆ అమ్మాయి ఫోను తెచ్చి చూపిస్తే కసరకండి. పక్కన కూర్చోబెట్టుకుని, "అనుమతి పత్రం ఏదీ? రసీదు ఎవరి పేరున? రోజుకు మూడు గంటలు నీకు మేమెలా ఇవ్వాలి?" అని అడగండి. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు కంపెనీ వాళ్ళు చెప్పాలి. మూడో ప్రశ్నకు జవాబు మాత్రం మనమే చెప్పాలి.

సెలవు.