సౌందర్య శస్త్రచికిత్స - ముందు జాగ్రత్తలు, క్లినిక్ నియమాలు

సౌందర్య శస్త్రచికిత్స అనగా వ్యాధిని నయం చేయుటకు కాక, శరీరంలో ఏదేని భాగపు ఆకృతిని మార్చుకొనుటకు లేదా మెరుగుపరచుకొనుటకు చేయించుకొనే శస్త్రచికిత్స. వాడుకలో దీనిని కాస్మెటిక్ సర్జరీ అనీ, ప్లాస్టిక్ సర్జరీ అనీ కూడా అంటారు. నిజానికి ప్లాస్టిక్ సర్జరీ పెద్ద శాఖ. కాలిన గాయాల వలన బిగుసుకుపోయిన చర్మాన్ని సరిచేయడం, గ్రహణమొర్రిని కుట్టడం, ప్రమాదంలో తెగిన వేళ్ళను అతికించడం వంటివన్నీ ఆ శాఖలోనివే. సౌందర్య శస్త్రచికిత్స అందులో ఒక భాగం మాత్రమే. ఇక్కడి "ప్లాస్టిక్" అనే మాటకు ప్లాస్టిక్ సంచులతో సంబంధం లేదు. "మలచుట" అనే అర్థం గల గ్రీకు పదం నుండి అది వచ్చినది.

ఈ భేదం కేవలం మాటల భేదం కాదు. బీమా వర్తిస్తుందా, ప్రభుత్వ పథకం క్రింద ఉచితంగా జరుగుతుందా, పన్ను పడుతుందా అనే ప్రశ్నలన్నిటికీ సమాధానం దీనిమీదే ఆధారపడి ఉన్నది.

చరిత్ర

సుశ్రుత సంహితలో తెగిన ముక్కును చెంప నుండి తీసిన చర్మంతో తిరిగి నిర్మించే పద్ధతి, తెగిన చెవి తమ్మెలను అతికించే పలు పద్ధతులు వివరించబడినవి. ముక్కు కొలతకు ఆకును వాడడం, శ్వాస ఆడుటకు ఆముదపు కాడ గొట్టాలను అమర్చడం కూడా అందులో ఉన్నవి. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో బ్రిటిషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కావస్జీ అనే వ్యక్తి ముక్కు కోయబడింది. పూనా ప్రాంతపు వైద్యుడొకరు అతని నుదుటి చర్మంతో ముక్కు చేసిన వృత్తాంతం 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయినది. దానిని ఆధారంగా చేసుకొని జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు 1814లో అటువంటి శస్త్రచికిత్స చేసి, 1816లో గ్రంథం ప్రచురించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిల్లీస్ చేసిన చికిత్సలతో ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ రూపుదిద్దుకొన్నది. కొవ్వు తీసే లైపోసక్షన్ 1970లలో ఐరోపాలో మొదలైనది.

కైకలూరు ప్రాంతంలో

2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలోను, ఆ తరువాత ఏలూరు జిల్లాలోను ఉన్న కైకలూరు కొల్లేటి అంచున చేపల చెరువుల నడుమ ఉన్న పట్టణం. ఇటువంటి చిన్న పట్టణాలవారు పెద్ద శస్త్రచికిత్సలకు సాధారణంగా ఏలూరు, విజయవాడ, హైదరాబాదు వంటి నగరాలకు వెళ్ళవలసి ఉంటుంది. దూరం వలన కలిగే ఇబ్బంది శస్త్రచికిత్స రోజున అంతగా తెలియదు, తరువాత తెలుస్తుంది. కుట్లు విప్పుటకు, కట్టు మార్చుటకు, చీము పట్టినా రక్తం గడ్డకట్టినా వెంటనే చూపించుకొనుటకు మళ్ళీ ఆ వైద్యుని వద్దకే పోవాలి. కొల్లేటికి వరద వచ్చినపుడు ఏలూరు - కైకలూరు రోడ్డుపై రాకపోకలు నిలిచిపోవడం ఇక్కడివారికి కొత్త కాదు. 2024 సెప్టెంబరు వరదలలోను అదే జరిగినది. కనుక అత్యవసరం కాని శస్త్రచికిత్సకు వానాకాలం తేదీ తీసుకొనకపోవడం మంచిది.

పల్లెలలో తరచుగా అవసరమయ్యేది చెవి తమ్మెను కుట్టించుకొనడం. బరువైన జూకాలు, బుట్టలు ఏళ్ళ తరబడి ధరించుట వలన రంధ్రం సాగి, చివరకు తమ్మె రెండుగా చీలిపోతుంది. చంటిబిడ్డ లాగినపుడు తెగినవీ ఉంటాయి. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి, చీలిన అంచులను కోసి పచ్చిగా చేసి కుడతారు. పాత అంచులపై చర్మం ఏర్పడి ఉంటుంది గనుక, కోయకుండా కుడితే అవి అతుకవు. దాదాపు వారం తరువాత కుట్లు విప్పుతారు. మళ్ళీ కుట్టించుకొనుటకు కనీసం ఆరు నుండి ఎనిమిది వారాలు ఆగాలి. అదీ మచ్చపై కాక ప్రక్కన. ఇది చిన్న పనే అయినా, గాయం మానినచోట చర్మం ఉబ్బి గట్టిపడే గుణం (కీలాయిడ్) ఉన్నవారికి చెవి తమ్మె మీదనే అది ఎక్కువగా వస్తుంది. వంటిమీద పాత మచ్చలు అటువంటివి ఉంటే వైద్యునికి ముందే చూపాలి.

గ్రహణమొర్రి గురించి ఒక మాట. గర్భిణి గ్రహణ సమయంలో బయట తిరిగినందువలన ఇది వస్తుందనే నమ్మకం పేరులోనే నిలిచిపోయినది. దానికి శాస్త్రీయ ఆధారం లేదు, తల్లి చేసిన తప్పేమీ లేదు. దీని చికిత్స సౌందర్యం కొరకు కాదు. బిడ్డ పాలు త్రాగుటకు, మాటలు వచ్చుటకు అవసరమైనది. పెదవిని సాధారణంగా 3 నుండి 6 నెలల వయసులో, అంగిలిని 9 నుండి 18 నెలల మధ్య సరిచేస్తారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకంలో గ్రహణమొర్రి, కాలిన గాయాల వలన ఏర్పడిన బిగుతులకు చికిత్స ఉన్నది. దీనిని "అందం ఆపరేషన్" అనుకొని డబ్బు లేక ఆగిపోయే కుటుంబాలు ఈ విషయం తెలుసుకొనాలి.

శరీరాన్ని సిద్ధం చేయుట

పొగాకు: శస్త్రచికిత్సకు కనీసం నాలుగు వారాల ముందు నుండి, తరువాత మరి నాలుగు వారాల వరకు చుట్ట, బీడీ, సిగరెట్టు మానాలి. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేయుట వలన, జరిపి కుట్టిన చర్మానికి రక్తం అందక అది నల్లబడి చచ్చిపోవచ్చును. గుట్కా, ఖైనీలలోనూ నికోటిన్ ఉన్నది గనుక "నేను పొగ త్రాగను" అని చెప్పి ఊరుకొనుట చాలదు.

మందులు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ఐబుప్రోఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. చేపనూనె మాత్రలు, విటమిన్ ఇ, నాటు మందుల సంగతి కూడా చెప్పాలి. అయితే గుండెజబ్బుకు వాడే మందును సొంతంగా ఆపకూడదు. దానిని వ్రాసిన వైద్యుని అడిగిన తరువాతనే ఆపాలి. గర్భనిరోధక మాత్రలు కాలి సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతాయి గనుక మొగమాటం లేకుండా చెప్పవలసినదే.

పరీక్షలు: రక్తహీనత, మధుమేహం, మూత్రపిండాల పనితీరు, రక్తం గడ్డకట్టే సమయం, ఇ.సి.జి. మొదలైనవి చేయిస్తారు. మధుమేహం అదుపులో లేనివారికి గాయం ఆలస్యంగా మానుతుంది.

ఉపవాసం: పూర్తి మత్తు ఇచ్చేటపుడు తేలికపాటి ఆహారం తిని 6 గంటలు, కొవ్వు పదార్థాలు, మాంసాహారం తిని 8 గంటలు గడవాలి. మంచినీరు 2 గంటల ముందు వరకు త్రాగవచ్చును. పాలు కలిపిన కాఫీ, టీలు నీటిలోకి రావు. కడుపులో ఆహారం ఉండగా మత్తు ఇస్తే అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం కలుగవచ్చును. నోటికి ఏదో ఒకటి పడకుండా ఎలా పంపిస్తామని ఇంటివారు పెట్టే ఇడ్లీ ఇక్కడ ప్రేమ క్రిందకు రాదు.

ముహూర్తం: పెళ్ళి కుదిరిన తరువాత ముక్కు సరిచేయించుకొనుటకు తొందరపడేవారు ఉన్నారు. ముక్కు శస్త్రచికిత్స తరువాత వాపు పూర్తిగా తగ్గి అసలు రూపు తేలుటకు ఏడాది వరకు పట్టవచ్చును. నెల రోజులలో ముహూర్తం ఉండగా చేయించుకొంటే పెళ్ళి ఫొటోలలో కనిపించేది వాపే.

ఆ తరువాత: గాయం పూర్తిగా మానేవరకు చేపల చెరువులలో దిగుట, కాలువ స్నానం పనికిరావు. నీటిలో, చేపలపై ఉండే కొన్ని సూక్ష్మజీవులు, ముఖ్యంగా క్షయ జాతికి చెందిన కొన్ని, గాయాలలో చేరి నెలల తరబడి మానని పుండ్లు కలిగిస్తాయి. చెరువు పనివారు చేసే పని ఏమిటో వైద్యునికి చెప్పి, ఎన్ని వారాలు మానాలో ముందే అడగాలి.

ప్రాణాపాయం

2001లో నువ్వు నాకు నచ్చావ్ చిత్రంతో తెలుగు ప్రేక్షకులకు దగ్గరైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళ వయసులో మరణించినది. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకొన్నదనీ, ఆ తరువాత శ్వాస ఇబ్బంది పడినదనీ పత్రికలు వ్రాసినవి. 2016లో చెన్నైలో జుట్టు మార్పిడి చేయించుకొన్న ఒక వైద్య విద్యార్థి మరణించాడు. ఆ కేంద్రానికి క్షౌరశాల లైసెన్సు మాత్రమే ఉన్నదని అప్పటి వార్తలు. లైపోసక్షన్ బరువు తగ్గించే చికిత్స కాదు. ఒకే విడతలో 5 లీటర్లకు మించి తీయవలసి వస్తే అన్ని వసతులు గల ఆసుపత్రిలోనే చేయాలని నిపుణుల సూచన.

ఎవరు చేయవచ్చును

ఎం.బి.బి.ఎస్., ఆపై ఎం.ఎస్. తరువాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లేదా తత్సమానమైన డి.ఎన్.బి. చేసినవారు ఈ శాఖ నిపుణులు. "కాస్మెటాలజిస్టు" అన్న బోర్డు ఒక్కటే చూచి నమ్మకూడదు. వర్క్‌షాపులలోనో యూట్యూబ్‌లోనో చూచినంత మాత్రాన జుట్టు మార్పిడి వంటివి మొదలుపెట్టుటకు తగిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో పేర్కొనవలసి వచ్చినదంటే పరిస్థితి అర్థమవుతుంది. వైద్యుడు తన రిజిస్ట్రేషన్ సంఖ్యను క్లినిక్‌లోను, చీటీపైన కనబరచాలని 2002 నాటి వైద్య వృత్తి నియమాలు చెబుతున్నవి. రోగిని పంపినందుకు కమీషను ఇవ్వడం, పుచ్చుకొనడం కూడా ఆ నియమాల ప్రకారం నిషిద్ధం. ఊరి ఆర్.ఎం.పి. ఫలానా క్లినిక్‌కే పొమ్మని పట్టుపట్టినపుడు ఈ సంగతి గుర్తుంచుకొనాలి. మత్తు ఇచ్చేది ఎవరు, శస్త్రచికిత్స ముగిసేవరకు ఆయన అక్కడే ఉంటారా, పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి తరలిస్తారు అన్నవి తప్పక అడుగవలసిన ప్రశ్నలు.

క్లినిక్ నియమాలు, సమ్మతి పత్రం

ప్యాకేజీ అని చెప్పిన మొత్తంలో ఏమేమి ఉన్నవో వ్రాతలో తీసుకొనాలి. మత్తు వైద్యుని రుసుము, గది అద్దె, మందులు, పరీక్షలు, తరువాతి సందర్శనలు తరచుగా బయటనే ఉంటాయి. వైద్యసేవలకు ఉన్న జీఎస్‌టీ మినహాయింపు సౌందర్య శస్త్రచికిత్సకు, జుట్టు మార్పిడికి వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపం, గాయం మొదలైన వాటి వలన దెబ్బతిన్న అవయవాన్ని సరిచేసేటపుడు మాత్రం మినహాయింపు ఉన్నది. చెప్పిన ధరలో పన్ను కలిసి ఉన్నదా లేదా అనేది అందుకే అడగాలి. ఆరోగ్య బీమా పాలసీలు కూడా ఇదే విధంగా ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణాన్ని తప్ప మిగిలిన సౌందర్య చికిత్సను సాధారణంగా మినహాయిస్తాయి.

బయానా కట్టేముందు మూడు సంగతులు తేల్చుకొనాలి. తేదీ మార్చుకొన్నా, మానుకొన్నా ఎంత తిరిగి వస్తుంది? జ్వరం వచ్చి వైద్యుడే వాయిదా వేస్తే ఎలా? ఫలితం బాగులేక మళ్ళీ సరిచేయవలసి వస్తే ఖర్చు ఎవరిది? "ఈ రోజే కడితే తగ్గింపు" అనే మాట వినబడితే ఆ రోజు కట్టకుండా ఇంటికి రావడం మేలు.

సమ్మతి పత్రం అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో చదివి వినిపించమని అడగడంలో తప్పులేదు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైనది. పరీక్ష కొరకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదనీ, వయోజనురాలైన రోగి మత్తులో ఉన్నపుడు అత్యవసరం లేకుండా తల్లి నుండి తీసుకొన్న అనుమతి చెల్లదనీ కోర్టు తేల్చినది. అనగా ముక్కుకు సంతకం పెట్టినవారికి "చూస్తూ చూస్తూ గడ్డం కూడా సరిచేసాము" అని చెప్పే వీలు లేదు; ఇంటి పెద్దల సంతకం రోగి సంతకానికి బదులు కాదు. 18 ఏళ్ళు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి.

ముందు, తరువాత తీసే ఫొటోలు వైద్య రికార్డు కొరకు అవసరమే. కాని వాటిని ప్రకటనలలో వాడుకొనుటకు అనుమతి వేరే విషయం; ఆ పంక్తి అదే పత్రంలో కలిసి ఉంటే దానిని కొట్టివేసి సంతకం చేయవచ్చును. రోగి కోరితే 72 గంటలలో రికార్డుల నకళ్ళు ఇవ్వాలని కూడా 2002 నియమాలలో ఉన్నది.

ఫిర్యాదు

డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తీర్పు చెప్పినది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. క్లినిక్ హైదరాబాదులో ఉన్నా కైకలూరు వాసి అక్కడివరకు పోనక్కరలేదు. గడువు రెండేళ్ళు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటనపుడు ఫిర్యాదు రుసుము లేదు. వైద్యుని ప్రవర్తనపై ఫిర్యాదు రాష్ట్ర వైద్య మండలికి చేయాలి. అయితే ఫలితం నచ్చకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. రెండవదానిని రుజువు చేయాలి. రసీదులు, చీటీలు, సమ్మతి పత్రపు నకలు, తేదీలు గల ఫొటోలు దాచి ఉంచుకొన్నవారికే అది సాధ్యపడుతుంది.