గడ్డి కోతకు పెట్రోలు యంత్రమా, బ్యాటరీదా?

కూలీలు సమయానికి దొరక్క మామిడి, నిమ్మ తోటల రైతులు తోసుకుంటూ పోయే గడ్డికోత యంత్రాల వైపు చూస్తున్నారు. ఏది కొనాలన్నదే చిక్కు.

తోట ఊరికి దూరమై, గడ్డి ముదిరి ఉంటే పెట్రోలుదే మేలు. ట్యాంకు నింపితే పని మళ్లీ సాగుతుంది. కాని టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిలు కలపని పెట్రోలు పోస్తే పట్టేస్తుంది. ఆ మరమ్మతు ఖర్చు తక్కువేమీ కాదు.

ఇంటి పక్క చిన్న తోటకు, లేత గడ్డికి బ్యాటరీది చాలు. పొగ ఉండదు, మోత తక్కువ. అయితే చార్జింగుకు కరెంటు ఉండాలి. కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి కనుక దాని ధర ముందే అడగాలి.

ఏది కొన్నా కోతకు ముందు రాళ్లు ఏరాలి. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్గు తీగ గాని, బ్యాటరీ గాని తీసేయాలి. వేళ్లు పోతే తిరిగి రావు.