దేవుడికి 41 ఓట్లు

1949 అక్టోబరు 17న ఢిల్లీలో, రాజ్యాంగ సభలో, దేవుడి మీద ఓటింగు జరిగింది. అనుకూలం 41, వ్యతిరేకం 68.

పట్టుబట్టి పెట్టించింది హెచ్‌.వి.కామత్‌. ఐసీఎస్‌ కొలువు వదులుకుని ఫార్వర్డ్‌ బ్లాక్‌లో చేరిన మనిషి. రాజ్యాంగ పీఠికలో 'భారత ప్రజలమైన మేము' కన్నా ముందు 'దేవుని పేరిట' అని ఉండాలన్నది ఆయన సవరణ. ఇక తేనెతుట్టె కదిలింది. అస్సాం సభ్యుడు రోహిణీ కుమార్‌ చౌధురి లేచి, మేం శక్తిని కొలిచేవాళ్లం, దేవుణ్ని తలచుకుని అమ్మవారిని వదిలేస్తే ఊరుకుంటామా అన్నారు. శిబ్బన్‌లాల్‌ సక్సేనా దేవుడితోపాటు గాంధీజీ పేరూ కావాలన్నారు. గోవింద్‌ మాలవీయ పరమేశ్వరుడి కృప గురించి చెప్పారు. దేవుడి మీద ఓటేసే ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలుకున్నారు. కామత్‌ వింటేనా!

వద్దన్నవాళ్లు నాస్తికులేమో అనుకుంటాం. పట్టం థాను పిళ్లై తాను ఆస్తికుణ్నని చెప్పుకునే అడ్డుతగిలారు. నమ్మే హక్కు, నమ్మకపోయే హక్కు రెండూ మనిషివే కాబట్టి, అందరి పేరునా ఇలా రాసుకుంటే అది బలవంతపు భక్తి అవుతుందన్నది ఆయన వాదన. ఇంత పవిత్రమైన, మనసు లోపలి సంగతిని రచ్చకీడ్చడమే బాధగా ఉందన్నారు హృదయనాథ్‌ కుంజ్రూ. ఓడిపోయాక కామత్‌ ఇది మన చరిత్రలో చీకటి రోజన్నారు, దేవుడే దేశాన్ని కాపాడాలన్నారు. పీఠికలో చోటు దొరకని ఆ దేవుడికి ప్రమాణాల పాఠాలున్న మూడో షెడ్యూల్లో దొరికింది. మన ఎమ్మెల్యేల్లో దైవసాక్షిగా ప్రమాణం చేసేవాళ్లు చేస్తారు, ఆ పేరు ఎత్తకుండా చేసేవాళ్లూ చేస్తారు. ఎవరి ఇష్టం వాళ్లది.

ఈ కథ చెప్పి, అందుకే సొంత నమ్మకాలను రాజకీయ చర్చలోకి తేకూడదనేవాళ్లున్నారు. గుమ్మం బయట విడిచి రావడానికి నమ్మకాలేమైనా చెప్పులా? వద్దంటే పేరు మార్చుకుని వస్తాయి.

అలా వచ్చిన సందర్భం కూడా ఆ సభలోనే ఉంది. 1948 నవంబరు 24న గోవధ నిషేధం చర్చకు వచ్చింది. సవరణ పెట్టిన ఠాకూర్‌ దాస్‌ భార్గవ సేద్యం, పాడి, ఎద్దుల లెక్కలు చెప్పారు. ఇది మతానికీ సంస్కృతికీ సంబంధించినదని సేఠ్‌ గోవింద్‌ దాస్‌ దాచుకోకుండా అన్నారు. ముసాయిదా కమిటీ సభ్యుడు సయ్యద్‌ మహమ్మద్‌ సాదుల్లా అప్పుడన్న మాట నాకు ఆ రోజంతటిలోకీ విలువైనదిగా తోస్తుంది. ఇది మా మతం, అందుకే కావాలని ఎదురుగా చెప్పండి, నేను అడ్డురాను; ఆర్థిక కారణాలంటూ దొడ్డిదారిన తెస్తేనే అనుమానమన్నారాయన. మెజారిటీ మనసులో ఉన్నదేదో తేటగా చెబితే మైనారిటీకి తన స్థానమేమిటో తెలుస్తుందని జెడ్‌.హెచ్‌.లారీ అడిగారు. ఎవరూ అంత తేటగా రాయలేదు. 48వ అధికరణం తెరిస్తే వ్యవసాయం, పశుపోషణ ఆధునిక, శాస్త్రీయ పద్ధతుల్లో సాగాలని మొదలై, ఆవులు, దూడల వధ నిషేధం దగ్గరికి చేరుతుంది. మతం ఊసే లేదు. దాని చుట్టూ ఇన్నేళ్లుగా సాగుతున్న గొడవ మాత్రం పాల దిగుబడి గురించి కాదు.

మద్యనిషేధం మాట కూడా ఆ రోజే వచ్చింది. 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు నాయకుడు, ఆదివాసీల ప్రతినిధి జైపాల్‌ సింగ్‌ లేచారు. సంతాలులు రోజంతా మోకాటి లోతు నీళ్లలో, వానలో, బురదలో నిలబడి నాట్లు వేస్తారు, బియ్యపు బీరు లేకపోతే ఆ నాట్లు పడవన్నారు. అది వాళ్ల పూజల్లోనూ భాగం, దాన్ని తీసేయడమంటే మతంలో జోక్యమేనన్నారు. అక్కడ కూర్చున్న చాలామందికి తాగుడు దురలవాటు, అంతే. తమదీ ఒక నమ్మకమేనని వాళ్లకు తోచలేదు. నమ్మకాలు మాట్లాడొద్దన్న నియమం ఆ రోజు ఉండి ఉంటే నోరు మూతపడేది జైపాల్‌ సింగ్‌కే. ఎక్కువమంది నమ్మకానికి ఆ బెడద లేదు, అది లోకజ్ఞానంలా చలామణీ అయిపోతుంది.

ఇప్పటికి వద్దాం. మధ్యప్రదేశ్‌లో ఆదివాసీ ప్రాంతాల అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామన్న ప్రతిపాదనను 2015లో శాకాహారి అయిన ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్‌ చౌహాన్‌ తోసిపుచ్చారు. గుడ్డు తినే ఇళ్ల పిల్లలు వాళ్లు. ఎవరి కంచం? ఎవరి నియమం?

కర్ణాటకలో అదే గుడ్డు మీద బహిరంగంగా తగాదా పడ్డారు, మంచిదే అయింది. 2021 డిసెంబరులో రాయచూరు, యాద్గిర్‌, కలబురగి వైపు బడుల్లో మధ్యాహ్న భోజనంతో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు భగ్గుమన్నారు. తమ ఆచారానికి ఇది పడదని నేరుగానే అన్నారు, ఆ నిజాయతీకి దండం పెట్టాల్సిందే. తుంగభద్ర ఆయకట్టులో తెలుగు రైతుల క్యాంపులున్న గంగావతిలో ఒక బడిపిల్ల, గుడ్డు వద్దంటే మీ మఠానికే వచ్చి తింటామని అన్న వీడియో ఊరూరా తిరిగింది. స్వాముల మాట ఆచారం, ప్రభుత్వం మాట పోషకాహార లోపం, పిల్ల మాట ఆకలి. మూడూ జనం విన్నారు. గుడ్డు ఆగలేదు, తర్వాత రాష్ట్రమంతటికీ వెళ్లింది. తిననివాళ్లకు అరటిపండు ఇస్తున్నారు.