చేరని ఆర్డరు

తమకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో దాన్ని కోరేవారికే మొదట స్పష్టంగా తెలియదు. రోగి బాధను చెప్పగలడు గాని జబ్బును చెప్పలేడు. మందిచ్చి, మళ్ళీ రమ్మని, ఏం మారిందో విని, మోతాదు సవరించడం వైద్యంలో పాత పద్ధతే. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇటువంటి పద్ధతికి ‘ఎజైల్’ అన్న పేరు 2001లో యూటాలో 17 మంది కలిసి చేసిన ప్రకటనతో స్థిరపడింది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో అది అంతకు రెండు దశాబ్దాల ముందే ఆచరణలో ఉంది.

1970ల చివర అక్కడి ప్రోగ్రామర్లు కొందరు వైద్యుల పక్కనే కూర్చుని, మంప్స్ అనే భాషలో చిన్నచిన్న భాగాలుగా ప్రోగ్రాములు రాశారు. వాడి చూపించి, అభ్యంతరాలు విని, తిరగరాశారు. కేంద్ర కార్యాలయం అడ్డుపడినా ఆ పని ఆగలేదు; 1982లో అధికారిక ఆమోదం లభించింది. తరువాత ‘విస్టా’గా పేరుపడినది ఇదే.

దాని గొప్ప మెరుగుదలల్లో ఒకటి ఒక నర్సుకు తట్టిన ఆలోచన. 1990ల తొలినాళ్ళలో కాన్సస్‌కు చెందిన సూ కినిక్, అద్దెకారును తిరిగి తీసుకునే ఉద్యోగి బార్‌కోడ్ స్కాన్ చేయడం చూసి, మందులకూ అదే ఎందుకు చేయకూడదని అడిగారు. రోగి చేతిపట్టీని, మందు పొట్లాన్ని స్కాన్ చేస్తే మనిషి, మందు, మోతాదు, వేళ సరిపోయాయో లేదో తెర చెబుతుంది. అమలులోకి వచ్చాక కొందరు నర్సులు పట్టీని స్కాన్ చేయకుండా అంకెలు టైపు చేస్తున్నారని పరిశీలకులు గమనించారు. దీన్ని క్రమశిక్షణా లోపమనడం తేలిక. నలిగిన పట్టీని స్కానర్ చదవకపోతే ఆమె మరేం చేయాలి? అడ్డదారి కూడా ఒక ఫిర్యాదే, కాకపోతే కాగితంమీద ఉండదు.

విస్టా పాతబడింది, మార్చవలసిన అవసరమూ ఉండవచ్చు. దాని స్థానంలో ఒక వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను 2020 అక్టోబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ ఆసుపత్రిలో మొదట ప్రవేశపెట్టారు. వైద్యుడు రాసిన పరీక్ష లేదా రిఫరల్ ఎక్కడికి వెళ్ళాలో ఆ వ్యవస్థకు పోల్చుకోవడం చేతకానప్పుడు, దాన్ని ‘అన్‌నోన్ క్యూ’ అనే చోట పడవేసేది. వైద్యుడి తెరమీద ఏ హెచ్చరికా ఉండదు. ఆర్డరు వెళ్ళిందనే అతడి నమ్మకం. ఆర్డరు చేరకపోతే రాసినవారికి వెంటనే తెలియాలన్న ఒక్క వాక్యం నిర్దేశాలలో ఉండి, దాన్ని వార్డులో పరీక్షించి ఉంటే సరిపోయేది. అటువంటి క్యూ ఒకటుందన్న సంగతే వాడేవారికి ఎవరూ చెప్పలేదు. 2021 జూను నాటికి 11,000కు పైగా ఆర్డర్లు అందులో పడ్డాయని, రోగులకు హాని కలిగిన ఘటనలు 149 జరిగాయని ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2022 జూలైలో నివేదించారు.