రెండో మంగళవారం, పాశమైలారం నైట్ షిఫ్ట్

మైక్రోసాఫ్ట్ తన సెక్యూరిటీ ప్యాచ్‌లను నెలలో రెండో మంగళవారం వదులుతుంది. 2003 అక్టోబరు నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. వాళ్ల ఉదయం పది గంటలంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. పాశమైలారంలో నైట్ షిఫ్ట్ వాళ్లు పంచ్ కొట్టే వేళకు అటూ ఇటూ. అందుకే మన ఫ్యాక్టరీ ఆఫీసుల్లో కంప్యూటర్లు రీస్టార్ట్ అడిగేది బుధవారం పొద్దున, సరిగ్గా ఇన్వాయిస్‌లు కొట్టే సమయానికి! 2012 నవంబరులో అడోబ్ కూడా ఫ్లాష్ ప్లేయర్ ప్యాచ్‌లను ఇదే మంగళవారానికి మార్చుకుంది.

2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కు అడోబ్ సెలవు చెప్పేసినప్పుడు ఆ కంపెనీ సీఈఓ శంతను నారాయణ్, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన హైదరాబాదీ. అప్పటికి మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల. ఇద్దరూ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పిల్లలే.

ఫ్లాష్ అంటే బ్రౌజర్‌లో వీడియోలు ఆడించే సరుకే కదా అనుకునేవాళ్లం. 2011 మార్చిలో ఆర్‌ఎస్‌ఏ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీలోకే దొంగలు దూరారు. దారి మెయిల్‌లో వచ్చిన ఒక ఎక్సెల్ షీట్. ఫైలు పేరు ‘2011 రిక్రూట్‌మెంట్ ప్లాన్’. లోపల దాచిన ఫ్లాష్ ముక్క, అప్పటికి ప్యాచ్ రాని లోపాన్ని వాడుకుంది. ఆ మెయిల్ జంక్ ఫోల్డర్‌లోనే పడింది, ఒక ఉద్యోగి అక్కడి నుంచి తీసి మరీ తెరిచారు. హెచ్‌ఆర్ డెస్క్‌కు ఇలాంటి పేరున్న ఫైళ్లు రోజూ వస్తాయి, ఎవరిని తప్పుపడతాం?

జావా కథ ఇంకా చిత్రం. అప్‌డేట్ చేస్తే పాతది పోతుందనుకున్నాం. ఏళ్ల తరబడి అలా జరగలేదు. కొత్తది ఎక్కేది, పాతవాటిలో కొన్ని కదలకుండా కూర్చునేవి, వాటితోపాటే వాటి లోపాలూ. వాడేవాళ్లకు ఈ సంగతి సరిగా చెప్పలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిలదీస్తే, 2015 డిసెంబరులో జావా యజమాని ఒరాకిల్ ఒప్పందానికి వచ్చింది. మీ అకౌంట్స్ కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి ఎన్ని జావాలు ఉన్నాయో ఓసారి లెక్కపెట్టండి.

అక్కడ ఎందుకు మిగిలాయంటారా? సంతకం కోసం. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ చుట్టూ చిన్న యూనిట్లు పెట్టుకున్నవాళ్లకు తెలుసు, టెండర్ వేయాలంటే యూఎస్‌బీ టోకెన్‌లో డిజిటల్ సంతకం ఉండాలి. ఒకప్పుడు ఆ టోకెన్‌ను బ్రౌజర్‌కు చూపించేది జావా ప్లగినే. 2015 సెప్టెంబరులో క్రోమ్ ఈ తరహా ప్లగిన్లకు తలుపు మూసింది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ ఒక్క ఫ్లాష్‌ను మినహాయించి మిగతా వాటికి మూసింది. దాంతో ఆఫీసుల్లో రెండు బ్రౌజర్ల కాపురం మొదలైంది: పనులకు కొత్తది, సంతకానికి పాతది. ఆ పాతదాన్ని అప్‌డేట్ చేయొద్దని మానిటర్ మీద చీటీ అంటించి పెట్టుకున్న ఆఫీసులూ ఉన్నాయి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక పోర్టల్ ఎంసైనర్ అనే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లోనే పెట్టించింది. ప్లగిన్ గొడవ తీరింది. కానీ క్రోమ్ తనంతట తాను అప్‌డేట్ అవుతుంది, పక్కన కూర్చున్న ఈ సంతకం సాఫ్ట్‌వేర్‌ను అది పట్టించుకోదు. దాని సంగతి మనమే చూసుకోవాలి. నన్నడిగితే సంతకాలకు విడిగా ఒక కంప్యూటర్ పెట్టి, అందులో మెయిల్ తెరవకుండా ఉంటే సగం తలనొప్పి పోతుంది.

బొల్లారం, గడ్డపోతారం మందుల కంపెనీల క్యూసీ ల్యాబులది వేరే లోకం. హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి తగిలించిన కంప్యూటర్‌లో ఎవరైనా ‘అప్‌డేట్’ నొక్కితే మందలింపు తప్పదు. అమెరికాకు మందులు పంపేవాళ్లకు ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన పార్ట్ 11 నిబంధనలు వర్తిస్తాయి. ఎలక్ట్రానిక్ రికార్డు పుట్టే వ్యవస్థ వ్యాలిడేట్ అయి ఉండాలి. ప్యాచ్ అంటే మార్పు, మార్పు అంటే చేంజ్ కంట్రోల్ ఫారం, క్యూఏ ఆమోదం, మళ్లీ పరీక్షలు. బయటివాళ్లకు బద్ధకంగా కనిపించేది ఇక్కడ పద్ధతి. అయితే పద్ధతికీ వైరస్‌కూ చుట్టరికం లేదు. వాన్నాక్రై అనే వైరస్‌కు విరుగుడు ప్యాచ్ 2017 మార్చి 14నే వచ్చింది. దాడి మే 12న. ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే నెట్‌వర్క్ వెంట పాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా పట్టుకుంది. ప్యాచ్ వేయలేని ల్యాబ్ కంప్యూటర్‌ను అకౌంట్స్ నెట్‌వర్క్‌లోనే ఉంచమని మాత్రం ఏ నిబంధనా అడగలేదు.

ఫ్లాష్ చచ్చాక కూడా బతికించుకున్నవాళ్లున్నారు. 2021 జనవరి 12 నుంచి అది పనిచేయకుండా అడోబ్ ముందే మెలిక పెట్టింది. చైనాలోని దాల్యాన్‌లో రైల్వే సిబ్బంది ఆ మెలిక లేని పాత వెర్షన్ వెతికి ఎక్కించుకున్నారు. దక్షిణాఫ్రికా పన్నుల శాఖ ఏకంగా ఫ్లాష్ నడిచే సొంత బ్రౌజర్ విడుదల చేసింది. మన పోర్టళ్లను ఇక తిట్టలేం.

‘మీ ఫ్లాష్ పాతబడింది, ఇక్కడ నొక్కండి’ అనే పాపప్ గుర్తుందా? 2011లో ఫ్లాష్ ఇన్‌స్టాలర్ వేషంలోనే ఫ్లాష్‌బ్యాక్ అనే దొంగ ప్రోగ్రామ్ మ్యాక్‌లలోకి దిగింది. మరుసటి ఏడాది జావా లోపం పట్టుకుని సుమారు 6 లక్షల మ్యాక్‌లకు పాకింది. ఆ లోపానికి ఒరాకిల్ ఫిబ్రవరిలోనే ప్యాచ్ ఇచ్చింది, ఆపిల్ తన మ్యాక్‌లకు అందించింది ఏప్రిల్‌లో.

ఇప్పుడు ప్లగిన్లు పోయి ఎక్స్‌టెన్షన్లు వచ్చాయి, అవి వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే కంపెనీ ఎక్స్‌టెన్షన్‌లోకి దొంగకోడ్ చేరింది ఆ అప్‌డేట్ రూపంలోనే.

ఇక గేటు దగ్గర సీసీ కెమెరాల డీవీఆర్. చాలా పాత డీవీఆర్‌లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్ వేస్తే తప్ప బొమ్మ చూపించవు. ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న స్వస్తి చెప్పింది. ఎడ్జ్‌లోని ఐఈ మోడ్ కనీసం 2029 దాకా ఉంటుందని మాటిచ్చింది. కొత్త డీవీఆర్ కొనేవాళ్లు, ప్లగిన్ లేకుండా క్రోమ్‌లో తెరుచుకోవాలన్న షరతును కొటేషన్‌లోనే రాయించుకోవడం మంచిది. ఫిట్టింగ్ అయ్యాక అడిగితే ‘ఎక్స్‌ప్లోరర్ పెట్టుకోండి సార్’ అంటారు.