చర్మానికి వేడి పెడితే బిగుస్తుందా?

ఒంగోలు గిత్తకు గంగడోలు మడతలు మడతలుగా వేలాడితే రైతు మురిసిపోతాడు. అదే మడత తన దవడ కింద కనబడితే మాత్రం అద్దం ముందు నిలబడి, రెండు వేళ్లతో బుగ్గను చెవి వైపు లాగి చూసుకుంటాడు. లాగినంతసేపూ బాగుంటుంది, వదిలితే మళ్లీ మామూలే. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, కత్తి లేకుండా, కుట్లు లేకుండా ముఖం బిగిస్తామనే ప్రకటనలు. “నిజమేనా తాతయ్యా? అమ్మ నిన్ను అడగమంది” అంటోంది మా మనవరాలు. కొంత నిజమే తల్లీ. ఆ కొంత ఎంతో తెలియాలంటే, అసలు జారుతున్నదేమిటో ముందు చూడాలి.

అందరూ చర్మమే జారిందనుకుంటారు. అసలు కథ ఎముక దగ్గర మొదలవుతుంది. వయసుతోపాటు దవడ ఎముక అరుగుతుంది. పళ్లు ఊడితే ఆ అరుగుదల మరీ జోరందుకుంటుంది. నమిలేటప్పుడు పంటి వేరు మీదుగా ఎముకకు ఒత్తిడి అందుతుంటుంది, ఆ పని లేకపోతే ఒళ్లు అక్కడి ఎముకను నిలుపుకోదు. బోసినోటి ముసలమ్మల ముఖం కింది సగం అంతలా లోపలికి పోయేది అందుకే. కప్పిన చర్మం ఉన్నంతే ఉంది, కింద ఆధారం తగ్గింది. కాబట్టి ముఖం బిగించే క్లినిక్‌కు వెళ్లేముందు ఒకసారి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి రమ్మంటాను నేను. నవ్వకు, నిజమే చెబుతున్నా.

ఎముక మీద కండరాలు, వాటి మీద కొవ్వు. ముఖంలో కొవ్వు ఒకే దుప్పటిలా పరుచుకుని ఉండదు, విడివిడి అరలుగా ఉంటుంది. రోరిక్, పెస్సా అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు శవాల ముఖాల్లోకి రంగు ఎక్కించి, 2007లో ఈ అరల హద్దులు చూపించారు. వయసు మీరేకొద్దీ కొన్ని అరలు చిక్కిపోతాయి, కొన్ని కిందికి దిగుతాయి. గడ్డానికి కాస్త పక్కగా ఒక చిన్న బంధనం చర్మాన్ని దవడ ఎముకకు గట్టిగా పట్టి ఉంచుతుంది. జారుతూ వచ్చిందంతా ఆ కట్టు దాకా వచ్చి, దాని వెనక ఆగిపోతుంది. ఆ ఉబ్బు దవడ పొడవునా సమంగా ఉండక, గడ్డానికి అటొకటీ ఇటొకటీ తేలడానికి కారణం ఇదే. డాక్టర్లు వీటిని ‘జౌల్స్’ అంటారు.

ఇక చర్మం సంగతి. దాని గట్టిదనమంతా కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ది. ఇరవైల్లోనే అది కొంచెం కొంచెంగా తరగడం మొదలవుతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిన తొలి 5 ఏళ్లలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం పోతుంది. ఈ మధ్య ఒక్కసారిగా ముఖం మారిపోయిందని మీ అమ్మ అంటోందంటే, అది ఉత్త అనుమానం కాదు.

వేడి కథకు వద్దాం. మటన్ వండేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. గిన్నెలో వేసినప్పుడు ఉన్నంత ముక్క, వేడెక్కేసరికి ముడుచుకుని చిన్నదైపోతుంది. అక్కడ ముడుచుకునేది ఈ కొల్లాజెనే. మూడు గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి దాంట్లో. 60 డిగ్రీలు దాటాక ఆ పెనవేత సడలి, పోగు పొట్టిదై లావెక్కుతుంది. క్లినిక్‌లో యంత్రాలన్నీ నమ్ముకున్నది ఈ ఒక్క సంగతినే. పై చర్మం కాలకుండా లోపలికి మాత్రమే వేడి పంపడం ఎలా అన్నదే వాటి తంటా.

రేడియో తరంగాలతో పంపడం ఒక దారి. థెర్మాజ్ అనే యంత్రం పైన చల్లబరుస్తూ లోపల వేడి చేస్తుంది. కళ్ల చుట్టూ ముడతలకు దానికి 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. రెండో దారి అల్ట్రాసౌండ్, కడుపులో బిడ్డను చూసే స్కానింగ్‌లో వాడే శబ్దమే. దాన్నంతా ఒక్క చోట కేంద్రీకరిస్తే అక్కడ 60 నుంచి 70 డిగ్రీల వేడి పుడుతుంది, దారిలో ఉన్న చర్మం చెక్కుచెదరదు. అల్థెరపీ అనే యంత్రం చర్మం కింద 4.5 మిల్లీమీటర్ల లోతు దాకా వెళ్లి, వరసగా చుక్కలు చుక్కలుగా వేడి పెడుతుంది. ఆ లోతు ఊరికే ఎంచుకున్నది కాదు. మిట్జ్, పెరోనీ అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు 1976లో వర్ణించిన ఒక గట్టి పొర ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆపరేషన్ చేసే సర్జన్లు లాగి కుట్టేది కూడా ఆ పొరనే. అల్థెరపీకి 2009లో కనుబొమలు లేపడానికి, 2012లో గడ్డం కిందకు, మెడకు ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది.

అయితే ముక్క ముడుచుకున్నట్టు ముఖం అప్పటికప్పుడు ముడుచుకుపోదు. ఆ చుక్కలు చిన్న చిన్న గాయాలు. వాటిని మాన్పుకోవడానికి ఒళ్లు కొత్త కొల్లాజెన్ అల్లుతుంది, దానికి రెండు మూడు నెలలు పడుతుంది. డబ్బు కట్టేది గాయానికి, బిగువు తెచ్చిపెట్టేది మన ఒళ్లే. సిగరెట్ తాగేవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు మామూలు గాయమే సరిగా మానదు, ఇది మాత్రం ఎలా మానుతుంది? బాగా జారిపోయిన చర్మానికీ దీంతో పెద్ద ఫలితం ఉండదు. సన్నటి ముఖాల్లో ఆ వేడికి కొవ్వు కరిగి బుగ్గలు పీక్కుపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఇంజెక్షన్ల దారి వేరు. చర్మం కింద పల్లాలు నింపే ఫిల్లర్లలో ఎక్కువగా వాడే హయలురోనిక్ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి గుజ్జులో కనిపెట్టారు. తర్వాత కోడిపుంజు తురాయి నుంచి తీశారు, ఇప్పుడు బ్యాక్టీరియాతో తయారుచేస్తున్నారు. ఉబ్బుకు ముందున్న పల్లంలో దీన్ని నింపితే దవడ అంచు మళ్లీ ఒక్క గీతగా కనబడుతుంది. ఉబ్బు తగ్గలేదు, కనబడకుండా పోయిందంతే. కానీ సూది పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. దీన్ని కరిగించే విరుగుడు మందు ఉంది. అది చేతికి అందేలా పెట్టుకోనిచోట, బ్యూటీ పార్లర్ కుర్చీలో, ఈ సూది వేయించుకోవద్దు. ఇది సలహా కాదు, ఆజ్ఞ.

బొటాక్స్ చర్మాన్ని బిగించదు. మెడ నుంచి దవడను కిందికి లాగే పల్చటి కండరాన్ని మూడు నాలుగు నెలలు నిద్రపుచ్చుతుంది. స్విట్జర్లాండ్ డాక్టర్ ఫిలిప్ లెవీ 2007లో దీనికి ఈజిప్టు రాణి పేరు తగిలించి ‘నెఫర్టీటీ లిఫ్ట్’ అన్నాడు. పేరులో ఉన్నంత ఘనత ఫలితంలో ఉండదు. ముళ్లున్న దారాలు దూర్చి పైకి లాగే పద్ధతీ ఉంది. పీడీఓ దారమైతే, సర్జన్లు లోపలి కుట్లకు వాడేదే, ఆరేడు నెలల్లో కరిగిపోతుంది. లాగిన వెంటనే ఫొటో తీస్తారు గనుక ప్రకటనల్లో అది అంత అందంగా ఉంటుంది.

మన రంగు మాట మరిచిపోకూడదు. ముఖానికి లేజర్ కూడా వాడతారు, ఆ వెలుగును చర్మంలోని మెలనిన్ పీల్చుకుంటుంది. చామనఛాయ ముఖాల మీద చేయి తిరగనివాళ్లు లేజర్ ఆడిస్తే నల్లమచ్చలు మిగులుతాయి. అల్ట్రాసౌండ్‌కు, రేడియో తరంగాలకు రంగు పట్టింపు లేదు, ఆ మేరకు మనకు అవే నయం.

ఇంత ఖర్చుకు ముందు ఎండ సంగతి చూసుకోవాలి. 28 ఏళ్లు లారీ నడిపిన ఒక 69 ఏళ్ల అమెరికన్ ఫొటో 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ చెంప నిండా లోతు మడతలు, కుడి చెంపను చూస్తే పదేళ్లకు పైగా చిన్నవాడు. కిటికీ అద్దం యూవీఏ కిరణాలను ఆపదు మరి. మన దగ్గర స్టీరింగు కుడివైపు, మనవాళ్లకు దెబ్బ కుడి చెంపకు. మీ నాన్నకు సన్‌స్క్రీన్ రాసుకోమంటే ఆడవాళ్ల సరుకు అంటాడు, ఈ ఫొటో చూపించు.

కొల్లాజెన్ పొడి తాగొచ్చా అని కూడా అడిగావు కదూ. పాయా సూప్‌లో వేళ్లకు అంటుకునే జిగురు అదే. తాగింది నేరుగా దవడకు వెళ్లి అతుక్కోదు, పేగుల్లో ముక్కలు ముక్కలైపోతుంది. వాటిని ఒళ్లు తనకు ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకుంటుంది. కొల్లాజెన్ అల్లడానికి విటమిన్ సి లేకపోతే మాత్రం కుదరదు. ఆ లోటుతోనే వెనకటి ఓడ నావికులకు స్కర్వీ వచ్చి, మానిపోయిన పాత గాయాలు మళ్లీ విచ్చుకునేవి. దానికి జామకాయ చాలు, పొడి డబ్బా అక్కర్లేదు.