సత్రం పొయ్యి మీద ఏ ఫిల్టరు?

శ్రీశైలం వెళ్లొచ్చినవాళ్లకు సత్రం భోజనం గురించి చెప్పక్కర్లేదు. కార్తీకమాసం, శివరాత్రి సరేసరి. ఉగాదికి ముందు కన్నడ భక్తులు నల్లమల దారిన నడిచొచ్చే రోజుల్లోనైతే పొయ్యి ఆరనే ఆరదు. చారు బాగుందనుకుంటూ చెయ్యి కడుక్కుంటాం గానీ, ఆ తిరగవాత పొగ ఎటు పోతుందో ఎప్పుడైనా తలెత్తి చూశామా?

పెద్ద వంటశాలల్లో పొయ్యిల పైన రేకు గూడు ఉంటుంది. హుడ్ అంటారు. పొగను లాగే ఫ్యానుకు ముందు జిడ్డు పట్టే ఫిల్టర్లు అమరుస్తారు. మాకు తెలిసిన సత్రం కమిటీవారు వాటిని మార్చాలనుకుని, "ఇంట్లో చిమ్నీ వాడేది మీరే కదమ్మా, ఏవి కొనమంటారు?" అన్నారు. ధరల మాట తర్వాత, కడిగేదెవరు, దేనితో అని అడిగాను.

కడిగేది గిన్నెలు తోమే ఆడవాళ్లు. కాస్టిక్ సోడా నీళ్లతో.

అలాగైతే అల్యూమినియం జాలీ వద్దన్నాను. చవకే, తేలికే, కాదనను. కానీ సోడా తగిలితే బుసబుసా పొంగి నల్లబడుతుంది, సన్నతీగలు కరిగిపోతాయి. సోడా మానేస్తే పొరల మధ్య జిడ్డు వదలదు. అప్పుడది పొయ్యి నెత్తిన నూనెగుడ్డ వేలాడదీసినట్టే! వంటనూనె 350 డిగ్రీల పైచిలుకు వేడికి అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. మంట జాలీ దాటి గొట్టంలోకి పోయిందంటే, అక్కడ పేరుకున్న జిడ్డంతా దానికి మేతే. అమెరికాలో హోటలు వంటగదులకు పాటించే ఎన్.ఎఫ్.పి.ఎ. 96 నియమావళి మామూలు జాలీని ఒంటరిగా వాడనివ్వదు.

జింకుపూత ఇనుము మరీ చవక. పూత పోయాక తుప్పే.

మిగిలింది స్టెయిన్‌లెస్ స్టీలు 'బాఫిల్'. ఇందులో జాలీ ఉండదు, మడతపెట్టిన పలకలుంటాయి. పొగ వాటి మధ్య మలుపులు తిరుగుతుంటే బరువైన నూనె తుంపరలు పలకలకు కొట్టుకుని, జారి కింది తొట్టిలో పడతాయి. అందుకే 45 డిగ్రీలకు తగ్గకుండా వాలుగా నిలబెట్టాలి. తొట్టిని రోజూ వంపెయ్యాలి సుమా, ఓళిగలు కాల్చిన రోజైతే రెండుసార్లు.

కొట్లో అయస్కాంతం పెట్టి చూస్తారు కొందరు. 430 రకానికి అంటుకుంటుంది, 304కి సాధారణంగా అంటుకోదు. రెండూ స్టీలే. 430 ధర తక్కువ, 304 తుప్పుకు ఎక్కువ ఓర్చుకుంటుంది. దేన్నీ బ్లీచింగుతో, యాసిడ్‌తో మాత్రం కడగొద్దు. స్టీలుకూ గుంతలు పడతాయి.

"బరువు కదమ్మా" అన్నారొకరు. నిజమే. అందుకే పెద్దవి కాకుండా ఒక మనిషి దించగలిగే చిన్నవి, పిడి ఉన్నవి తీసుకోమన్నాను. రెండు సెట్లుంటే ఒకటి నానుతుండగా రెండోది పొయ్యి మీద ఉంటుంది.

వాళ్ల చీటీలో రబ్బరు చేతితొడుగులు లేవు. అడుగున నాలుగు జతలు నేనే రాసిచ్చాను.